లిఖితపాఠకుడు, అనర్థజ్ఞుడు

పాణినీయశిక్ష పాఠకాధములను ఆరుగురిగా లెక్కించినది. రాగము తీసి పాడువాడు, తొందరగా చదువువాడు, తల ఊపువాడు, వ్రాసినది చూచి చదువువాడు, అర్థము తెలియనివాడు, కంఠబలము లేనివాడు. వీరిలో నాల్గవవాడును ఐదవవాడును నేడు అంతర్జాలమునకు మిక్కిలిగా వచ్చుచున్నారు. పాఠశాలలో సంత చెప్పుకొని పనసలకు పనసలు కంఠస్థము చేసిన విద్యార్థి అర్థము వద్ద ఆగిపోవుచున్నాడు. అర్థము కొరకు తపించు గృహస్థు తెరపైని అక్షరములు చూచి మంత్రమును తనంతట తానే చదువుకొనుచున్నాడు. వీరిరువురి లోటు ఒకటి కాదు. కనుక వెదకవలసిన సాధనమును ఒకటి కాదు.

అర్థము వెదకువానికి అంతర్జాలము నిజముగా ఉపకారి. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయము వారి నిఘంటు సముదాయమున 1899 నాటి మోనియర్ విలియమ్స్ నిఘంటువుతో పాటు శబ్దకల్పద్రుమము, వాచస్పత్యము కూడ ఉన్నవి. ఒకప్పుడు ఈ సంపుటములను చూచుటకు గ్రంథాలయమునకు పోవలసి వచ్చెడిది. ఆంగ్లము రాని పండితుడు చివరి రెండింటిలో సంస్కృతముననే అర్థము గ్రహింపవచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున రూపొందిన సంసాధని శబ్దరూపములను, ధాతురూపములను చూపును, సంధులను విడదీయును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జెరార్డ్ హ్యూయె నిర్మించిన సంస్కృత్ హెరిటేజ్ కూడ పదవిభాగము చేయును.

అయితే యంత్రము సాధ్యములైన విభాగములన్నింటిని ముందుంచును. ఏది గ్రాహ్యమో ప్రకరణము తెలిసినవాడే నిర్ణయింపవలెను. "నతేన" అని కలిపి వ్రాసినచో "వంగినవానిచేత" అను ఒకే పదము కావచ్చును, "న తేన" అనగా "వానిచేత కాదు" అనియు కావచ్చును. వేదమంత్రమున ఈ చిక్కు ఇంకను పెద్దది. నిఘంటువు పది అర్థములిచ్చును. వినియోగమును బట్టి సాయణాచార్యులు ఒకటి గ్రహింతురు. తైత్తిరీయసంహితకు సాయణభాష్యముతో ఆనందాశ్రమము వారు ముద్రించిన సంపుటములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభించును. అధ్యయనము పూర్తియైన విద్యార్థి మొదట తెరువవలసినది నిఘంటువును కాదు, ఆ భాష్యమును.

ఇక లిఖితపాఠకుని సంగతి. తెలుగునాట బహుళప్రచారమున ఉన్నది కృష్ణయజుర్వేదమే. దాని స్వరలేఖనమున అనుదాత్తమునకు అక్షరము క్రింద అడ్డుగీత, స్వరితమునకు పైన నిలువుగీత ఉండును. ఉదాత్తమునకు చిహ్నమే లేదు. తెలుగు లిపిలోని మంత్రమును ఒకచోట నుండి మరొకచోటికి ఎత్తి వేసినపుడు, కొన్ని ఫాంట్లలో ఈ గీతలు ప్రక్కకు జరుగును, లేదా చుక్కల వలయముగా మారును. గీతలు పూర్తిగా జారిపోయినచో పుట మాత్రము శుభ్రముగానే కనబడును. ఏది ఉదాత్తమో, ఏది గీత పోయిన అక్షరమో చదువరికి తెలియు మార్గమే లేదు. అట్టి ప్రతులు వాట్సాప్‌లో పర్వదినములలో విశేషముగా సంచరించుచున్నవి! వానికంటె ఘనపాఠి కంఠమున నమోదైన ధ్వని మేలు. కాని ధ్వనిముద్రిక వినిపించును గాని వినదు.

వినువాడు కావలెననియే విదేశములలోని తెలుగువారు వీడియో పాఠములను ఆశ్రయించుచున్నారు. ఇచట తెల్లవారుజామున గురువు కూర్చున్నచో అమెరికాలో ముందురోజు సాయంకాలము. ఈ ఏర్పాటు హర్షణీయమే. గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమార్లు చెప్పుట సంత పద్ధతి. వీడియోలో నలుగురు ఒకేసారి పలికినచో ధ్వని ఆలస్యముగా చేరి కలగాపులగమగును, ఒకరి గొంతు మరొకరి గొంతును అణచివేయును. నిడుపుగా సాగు స్వరమును రొదగా భావించి యంత్రమే తగ్గించివేయుటయు కలదు. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అను ఏర్పాటును ఎంచుకొన్నచో ఈ దోషము చాలవరకు తొలగును. మిగిలినదానికి ఉపాయము ఒక్కటే. ఒక్కొక్క శిష్యుడు విడిగా చెప్పవలెను, తక్కినవారు మైకు మూసి వినవలెను. పాఠము మందముగా నడచును. గురువును వెదకువారు రుసుము అడుగుటకు ముందు, ప్రతి శిష్యుని చేత విడిగా చెప్పించుకొందురా అని అడుగుట మంచిది.