దాచిన పెట్టె

బస్తరు అడవిలోని భేజ్జి గ్రామంలో ఒక పిల్లవానికి ఈ ఆటను వివరింపబూనితే మొదటి వాక్యమే గొంతుకు అడ్డుపడుతుంది. అడవిలో ఎవరో ఒక పెట్టెను దాచుతారు. వారిని ఎరుగని మరొకరు దానిని వెదకి తెరుస్తారు.

ఆట పేరు జియోకాషింగ్. ఉపగ్రహాలు పంపే స్థాన సంకేతాలలో తాను బుద్ధిపూర్వకంగా కలిపిన పొరపాటును అమెరికా ప్రభుత్వం 2000 మే 2వ తేదీన తొలగించినది. మరునాడే డేవ్ అల్మర్ అనునాతడు ఒరెగన్ రాష్ట్రపు అడవిలో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి చాటినాడు. అందులో చిక్కుడుగింజల డబ్బా కూడ ఒకటి ఉన్నదట! దొరికినవారు ఏదైన తీసికొనవచ్చును. బదులు ఏదైన ఉంచి, పుస్తకంలో పేరు వ్రాయవలెను. స్థలం యజమాని అనుమతి లేనిదే నేలను త్రవ్వరాదన్న నియమం తరువాత చేరినది.

పీతలు పట్టే పడవల పేర్లతో పెట్టెలను వరుసగా దాచినవారు ఈ ఆటలో ఉన్నారు. వినోదమునకే కావచ్చును గాని, పోలిక చక్కగా కుదిరినది. అలాస్కా దగ్గరి బేరింగు సముద్రంలో పీతలవేట కూడ దాచి వెదకుటయే. సుమారు 300 కిలోల ఇనుపబోనులో ఎర పెట్టి, నీటి అడుగునకు దించి, గుర్తుగా పైన బెండు తేల్చి పోతారు. మళ్లీ వచ్చి, బెండును కనిపెట్టి, బోనును పైకి లాగుతారు. 2017 ఫిబ్రవరి 11న ‘డెస్టినేషన్’ అనే పడవ సెయింట్ జార్జి దీవి దగ్గర మునిగినది. ఆరుగురిలో ఒక్కరూ దక్కలేదు. బోనులు లెక్కలో చూపినదానికన్న బరువైనవనీ, వాటిపై మంచు పేరుకొన్నదనీ విచారణలో తేలినది. జూలైలో ధ్వనితరంగాలతో గాలించగా ఆ పడవ సముద్రపు అడుగున కనిపించినది.

అది మునిగిన సరిగా నెలకు, మార్చి 11న, భేజ్జి సమీపంలో రోడ్డు పనికి కాపలాగా బయలుదేరిన 12 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు మావోయిస్టుల దాడిలో మరణించినారు. ఆ సంవత్సరాలలో అక్కడి త్రోవల క్రింద దాచినవి మందుపాతరలు. వాటికి పుస్తకము లేదు, బెండు లేదు. జవానుకై పాతినదానిని అడవికి పోయే గ్రామస్థుడు తొక్కిన సందర్భాలు బస్తరులో కలవు. త్రోవ ప్రక్కన డబ్బా కనిపిస్తే చేయి చాపకుమని చెప్పవలసిన చోట ఈ ఆటను ఎట్లు చెప్పుట?

ఇప్పపువ్వు రాలనారంభించేది కూడ మార్చిలోనే. తెల్లవారకముందే గంపలతో పోయేవారు, పువ్వు కనబడుటకై చెట్టు క్రింది ఎండుటాకులను ముందుగానే కాల్చి, నేలను శుభ్రపరచుకొంటారు. నల్లబడిన ఆ నేలమీద లేతపసుపు పువ్వు దూరమునుండియే కనిపిస్తుంది.