అరకు కొండలలో

విశాఖపట్టణమునకు వాయవ్యముగా, తూర్పుకనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు అను చిన్న ఊరు కలదు. బైలదిల్లా గనుల ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకై 1960వ దశకమున వేసిన రైలుమార్గమే నేడు యాత్రికులను సైతము అచటికి కొనిపోవుచున్నది. త్రోవ పొడుగునను సొరంగములే. చీకటి క్రమ్మినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుచుండిరి. వారితోపాటు పెద్దలును వేయుట చూచి నాకు నవ్వు వచ్చినది.

అరకునకు ముందే బొఱ్ఱా గుహలను చూడగోరి నేను నడుమ దిగితిని. గుహాముఖము కడు విశాలము. లోనికి దిగినకొలది గాలి చల్లబడినది. నాకు దారి చూపినవాడు చేరువ గూడెమునకు చెందిన గిరిజన వృద్ధుడు. ఇది శివలింగము, ఇది ఆవు పొదుగు అని అతడు ఒక్కొక్క రాతికి ఒక్కొక్క పేరు చెప్పుచుండెను. ఎఱ్ఱని, పచ్చని విద్యుద్దీపములు ఆ రాళ్ల సహజ వర్ణమును మఱుగుపఱచినవనియే నా అభిప్రాయము.

ఇంతలో దీపము లాఱిపోయినవి. కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి. అంతవఱకు వినబడని సవ్వడి యొకటి అప్పుడు వినవచ్చెను. నలుదెసల నీటిబొట్లు పడుచున్నవి! ఈ గుహను తొలిచినది ఆ నీరే. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కొంచెము పులుపెక్కి, సున్నపురాతిని కరగించుచు క్రిందికి దిగును. గుహ కప్పున వ్రేలాడునపుడు ఆ వాయువు విడిపోవును. కరగిన రాయి మరల పేరుకొనును. పైనుండి ఊడ దిగును, క్రిందనుండి మొలక లేచును. వ్రేలెడు పెరుగుటకు వందల ఏండ్లు పట్టును.

దీపములు వెలిగినవి. తెల్లని ఊడ కొనను ఒక బొట్టు మెఱయుచుండెను. ఒక బాలుడు దానికై చేయి చాపగా వృద్ధుడు వారించి, "ముట్టకు బాబూ, చేతి జిడ్డు అంటితే అది పెరగదు" అనెను.

ఆ సున్నపురాతి కొఱకే ఈ కొండలను త్రవ్వజూచిన వారును కలరు. అనంతగిరి ప్రాంతమున ప్రభుత్వము గనులను ప్రైవేటు కంపెనీలకు కౌలు కిచ్చెను. గిరిజనుల పక్షమున సమత అను సంస్థ న్యాయస్థానమున కెక్కినది. షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గనులకై కౌలు కీయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నేనా మాట ఎత్తగా వృద్ధుడు కప్పు వైపు చూచి, "కొండే పోతే ఈ బొట్టు ఎక్కడి నుంచి పడుతుంది బాబూ?" అని అడిగెను. నేను బదులు చెప్పలేదు.

అరకు చేరునప్పటికి ప్రొద్దు వాలినది. సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లకే ప్రాకిన మిరియపు తీగలు. ఇచటి కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గిరిజన రైతులు పండించిన ఆ కాఫీని ఒక గ్లాసెడు త్రాగి, చాపరాయి వాగునకు పోయితిని. పలకరాళ్లపై నీరు పలుచగా జారుచుండెను. చలి మొదలైనంతనే తక్కినవారు లేచిపోయిరి. నేను మాత్రము చీకటిపడువఱకు నీట కాళ్లుంచి కూర్చుంటిని.