నూక గింజంత తెల్లచుక్క

ఎక్స్‌రే గదుల్లో ఎర్రలైటు ఆరిపోయి చాలా కాలమైంది. డెవలపర్ తొట్టి, హైపో తొట్టి, తీగకు తగిలించిన తడి ఫిలిములు ఇప్పటి కుర్ర టెక్నీషియన్లు ఎరగరు. మా దమ్మపేట వైపు ఆ ఫిలిములను ట్రంకుపెట్టెలో పొలం కాగితాల పక్కనే దాచేవారు. చుట్టాలొస్తే వాకిట్లోకి తెచ్చి, ఎండకు ఎత్తిపట్టి చూపించేవారు.

తల ఫోటో చేతికొస్తే మా కళ్లు ముందు మెదడులోని పీనియల్ గ్రంథి కోసమే వెతికేవి. పెద్దవాళ్లలో అక్కడ సున్నం పేరుకుని, సరిగ్గా నడిమధ్య నూక గింజంత తెల్లచుక్క కనిపిస్తుంది. చుక్క పక్కకు జరిగితే లోపల గడ్డ తోస్తోందని అనుమానం. చిన్నపిల్లల్లో కనిపించినా, సెంటీమీటరు దాటినా డాక్టర్లు ఆ ఫిలింను ఓ పట్టాన కింద పెట్టేవారు కాదు. మెదడులో బీజకణాల గడ్డలు ఎక్కువగా అక్కడా, పిట్యూటరీ పైభాగంలోనూ పుడతాయి. ఎదిగే వయసు పిల్లల్లోనే ఎక్కువ.

గడ్డ మాత్రం ఎక్స్‌రేకు చిక్కదు. అందుకే గాలి పరీక్ష. 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ పుర్రెకు రంధ్రం చేసి గాలి ఎక్కించాడు. మరుసటేడు నడుములో సూది గుచ్చి ఎక్కించే పద్ధతి తెచ్చాడు. గాలి నిండిన మెదడు గదుల ఆకారం చెదిరిన తీరును బట్టి గడ్డ చోటు ఊహించాలి. ఆ తర్వాత రోగికి రోజుల తరబడి తలనొప్పి, వాంతులు. 1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ తీశాక గాలి పరీక్ష మూలపడింది. పీడ వదిలింది.

‘కరెంటు పెట్టి చూద్దాం’, అంటే రేడియేషన్ ఇచ్చి చూద్దాం అనే మాటా పోయింది. బీజకణాల గడ్డల్లో ఒకటైన జెర్మినోమా రేడియేషన్‌కు ఇట్టే కరుగుతుంది. మెదడు లోతుల్లో కత్తి పెట్టడానికి జంకి, ముందు కొద్ది మోతాదు ఇచ్చి, గడ్డ కరిగితే అదేనని తేల్చేవారు. ఇప్పుడు తలతోపాటు వెన్నెముక మొత్తానికీ ఎమ్మారై తీస్తారు, ఈ గడ్డ వెన్నునీటి వెంట పాకుతుంది కనుక. రక్తంలోనూ వెన్నునీటిలోనూ ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే గడ్డ గుర్తులు చూస్తారు. రెండోది గర్భపరీక్షలో చూసే హార్మోనే. అవి బాగా పెరిగి ఉంటే ముక్క తీయకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చు. లేకుంటే ఎండోస్కోపుతో ముక్క తీస్తారు. జెర్మినోమా అని తేలి, వైద్యం సరిగా అందితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బతుకుతారు.

మా వాళ్లు ఖమ్మంలో రైలెక్కి హైదరాబాదుకో, 1949లో జాకబ్ చాందీ దేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగం పెట్టిన వేలూరుకో వెళ్లేసరికే ఆలస్యమయ్యేది. ఈ గడ్డల లక్షణాలని తెలియక, బిడ్డ బిందెడు నీళ్లు తాగుతుంటే ఎండాకాలం అనుకునేవారు. చెట్టుమీది కాయ చూడటానికి కళ్లెత్తలేక మెడంతా వెనక్కి వాల్చే పిల్లాడికి గాలి సోకిందనేవారు.

పిల్లలకు ఆగని దాహం, పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఆగిన ఎదుగుదల కనిపిస్తే, షుగరు లేదన్నారు కదా అని ఊరుకోకండి. తలకు స్కాన్ అవసరమా అని డాక్టరును అడగండి.