ఐదుగురు, ఆరు రాత్రులు, రెండు ఊళ్ళు

యూరప్ వెళ్దామనుకుంటున్నాం అని నోరు జారితే చాలు, మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని దేశాలు?" అని. రెండే, అందులోనూ రెండు ఊళ్ళే, మ్యూనిక్, సాల్జ్‌బర్గ్ అని చెప్తే జాలిగా చూస్తారు. "అంత దూరం పోయి స్విట్జర్లాండ్ చూడకుండా వస్తారా?" అని మా కొంపల్లి అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికి నలుగురు అడిగారు. వాళ్ళ తప్పేం లేదు. హీరో హీరోయిన్లు ఆ మంచులో డ్యూయెట్లు పాడుకోవడం చూస్తూ పెరిగిన జనం మనం. ఇంటర్‌లాకెన్‌లో 2016లో ఏకంగా యశ్ చోప్రాకి విగ్రహమే పెట్టారు. ఆ సినిమాలు చూసి ఎంతమంది అక్కడికి వెళ్ళుంటే పెట్టుంటారో ఊహించుకోండి.

మొదట్లో నేనూ ప్యాకేజీల వైపే చూశాను. ఒక ట్రావెల్ ఏజెన్సీ ఆయన పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలు అని రంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. రోజూ పొద్దున ఏడింటికల్లా పెట్టెలు సర్దుకుని బస్సెక్కాలి. అది ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "నాకు నడవడం కుదరని రోజున ఏం చెయ్యాలి?" అని ఒక్కటే అడిగారు. ఆ కాగితంలో దానికి జవాబు లేదు. ఆయనకి డెబ్భై ఒకటి, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోది ఎప్పుడెప్పుడా అని చూస్తోంది. అమ్మకీ నాన్నకీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. పైకి ఎవరూ అనకపోయినా బహుశా ఇదే ఆఖరిది కూడా. "ఈసారి కాకపోతే ఇంకోసారి చూద్దాం" అనే సౌకర్యం నాకుంది, వాళ్ళకి లేదు.

అందుకని ప్లాను తిరగేసి మొదలుపెట్టాను. ఊళ్ళ లిస్టు పక్కన పెట్టి మనుషుల లిస్టు రాసుకున్నాను. ఐదుగురం. ఒక్కొక్కరికి తప్పనిసరి కోరిక ఒక్కటే. అది జరిగి తీరాలి, మిగతాదంతా కుదిరితే చూద్దాం. అమ్మకి మంచు ముట్టుకోవాలని. నాన్న చింతల్ దగ్గర హెచ్‌ఎంటీలో ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య గడిపిన మనిషి, ఆయనకి మ్యూనిక్‌లో డాయిచెస్ మ్యూజియం. మా అమ్మాయి ఐదో తరగతి. స్కూల్ యాన్యువల్ డేకి 'డో రె మి' పాటకి డాన్సు చేసింది కాబట్టి దానికి ఆ పాట తీసిన సాల్జ్‌బర్గ్ మిరాబెల్ తోట. మా ఆవిడ మాత్రం "ఒక్క సాయంత్రం నది ఒడ్డున కూర్చోవాలి, ఎవరూ నన్ను ఏమీ అడక్కూడదు" అంది. నా కోరిక తర్వాత చెప్తాను.

ఇప్పుడు రెండు ఊళ్ళే ఎందుకో తేలిపోయింది కదా. మ్యూనిక్‌కీ సాల్జ్‌బర్గ్‌కీ మధ్య దూరం నూట నలభై ఐదు కిలోమీటర్లు, అటూ ఇటూగా మనకి హైదరాబాదు నుంచి వరంగల్ అంత. ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటన్నర, మామూలు రైల్లో రెండు గంటల లోపు. రోజూ కొంపల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్ళొచ్చేవాడికి ఇది ప్రయాణం కిందే లెక్క కాదు :)

అన్నట్టు, ఈ రెండు ఊళ్ళకీ చుట్టరికం ఉప్పు వల్ల వచ్చింది. సాల్జ్‌బర్గ్ అంటేనే ఉప్పుకోట. ఆ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చే ఉప్పు బళ్ళ మీద పడమటికి పోయేది. ఆ దారిలో ఇసార్ నది మీద బిషప్‌గారి వంతెన ఒకటి ఉండేది, సుంకం ఆయనకే. హెన్రీ ద లయన్ అనే ప్రభువు దాన్ని పడగొట్టించి, కాస్త పైన తన వంతెన కట్టించి, సుంకం తనవైపు మళ్ళించుకున్నాడు. గొడవ చక్రవర్తి దాకా వెళ్ళి 1158 జూన్ 14న తీర్పు వచ్చింది. ఆ తేదీనే మ్యూనిక్ పుట్టినరోజు. అంటే ఆ మహానగరం ఒక టోల్‌గేట్ దగ్గర మొదలైందన్నమాట! ఔటర్ రింగ్ రోడ్డు మీద కండ్లకోయ దగ్గర ఎక్కి శంషాబాద్‌లో దిగి టోలు కట్టేటప్పుడు నాన్నకి ఈ కథ చెప్పాలి.

సరే, విషయానికొద్దాం. వీసా. ఇక్కడే చాలామంది ప్లాను చివర్లో వేసుకుందాం అనుకుంటారు, కానీ షెంగెన్ వీసాకి ప్లానే ముందు కావాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. రెండు చోట్లా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మాది మ్యూనిక్‌లో నాలుగు రాత్రులు, సాల్జ్‌బర్గ్‌లో రెండు, కాబట్టి జర్మనీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, పదిహేను రోజుల ముందు ఆఖరు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. మా ఐదుగురికీ కలిపి 405, సర్వీస్ ఛార్జీలు అదనం. తిరస్కరిస్తే తిరిగి రావు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. తల్లిదండ్రుల వయసువాళ్ళకి పాత జబ్బుల సంగతి పాలసీలో ఏం రాశారో చదివే కొనండి, చవగ్గా వచ్చిందని కొనకండి.

ఎప్పుడు వెళ్ళాలన్నది ఇంకో చిక్కుముడి. మన వేసవీ వాళ్ళ వేసవీ కలవవు. మన బళ్ళు జూన్ 12న తెరుస్తారు. బవేరియాలో పెంతెకొస్తు పండగ తర్వాత రెండు వారాలు సెలవులు, రైళ్ళన్నీ కిటకిట. జూలై చివర నుంచి ఆగస్టు ఆఖరు దాకా సాల్జ్‌బర్గ్ ఫెస్టివల్. 1920 నుంచి జరుగుతున్న సంగీత నాటకోత్సవం అది, ఆ రోజుల్లో హోటల్ రేట్లు మనలాంటివాళ్ళకి కాదు. కాబట్టి జూన్ మొదట్లో ఆ సెలవులు అయిపోయే వేళకి వెళ్తున్నాం. బడి తెరిచాక రెండు రోజులు ఎగ్గొడితే ఐదో తరగతికి కొంపలేం మునిగిపోవు. ఒకటి గుర్తుపెట్టుకోండి, జూన్, జూలైలే అక్కడ బాగా వానలు పడే నెలలు. సాల్జ్‌బర్గ్‌వాళ్ళు తమ వానకి 'ష్న్యూర్ల్‌రేగన్' అని పేరే పెట్టుకున్నారు, దారాల్లా పడే వాన అని. గొడుగులు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్తున్నాం. ఇంకో మంచి సంగతేమంటే ఆ రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాకే చీకటి పడుతుంది. మధ్యాహ్నం నాన్న రెండు గంటలు పడుకుని లేచినా బోలెడు వెలుగు మిగిలే ఉంటుంది.

2024 జనవరి నుంచి హైదరాబాద్-ఫ్రాంక్‌ఫర్ట్ డైరెక్ట్ ఫ్లైట్ ఉంది. కానీ అక్కడ దిగి మళ్ళీ మూడున్నర గంటల రైలు. జర్మన్ రైలు గడియారం అనుకునేవాళ్ళకి ఓ చేదు నిజం: 2024లో వాళ్ళ దూరప్రయాణ రైళ్ళలో సమయానికి వచ్చినవి 62.5 శాతం. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద లెక్కెయ్యకుండా! అందుకే గల్ఫ్ మీదుగా నేరుగా మ్యూనిక్‌కే వెళ్తున్నాం, వీల్‌చైర్ ముందే అడిగాను. తిరిగొచ్చేరోజు ఫ్లైట్ సాయంత్రం, సాల్జ్‌బర్గ్‌లో రైలు పొద్దున్నే ఎక్కేస్తాం. షెంగెన్ అంటే సరిహద్దులు ఉండవని అనుకుంటాం కానీ, ఆస్ట్రియా నుంచి వచ్చే దారిలో జర్మనీ 2015 నుంచి తనిఖీలు పొడిగిస్తూనే ఉంది. రైల్లో పాస్‌పోర్టులు పెద్ద పెట్టె అడుగున కాకుండా చేతిసంచిలో ఉండాలి.

ఇక రోజుల లెక్క. దిగినరోజు ఏమీ లేదు, నిద్రే. తర్వాతి మూడు రోజుల్లో ఆకాశం ఏ రోజు తెరిపిస్తే ఆ రోజు జుగ్‌స్పిట్జె, 2,962 మీటర్లతో జర్మనీలో ఎత్తైన శిఖరం. గార్మిష్ దాకా రైలు, అక్కణ్ణుంచి 1930 నాటి పళ్ళచక్రాల రైలు. అమ్మ శిఖరం దాకా ఎక్కక్కర్లేదు, కింద పీఠభూమి దగ్గరే జూన్ మొదట్లో మంచు దొరకొచ్చు. అదీ తరిగిపోతోంది. అక్కడి రెండు హిమానీనదాల్లో ఒకదానికి 2022లో ఆ హోదా తీసేశారు. బీపీ మనిషి కాబట్టి ఆ ఎత్తుకి డాక్టర్ సరేనన్నాకే టికెట్టు. మిగిలిన రెండు రోజుల్లో ఒక పూట డాయిచెస్ మ్యూజియం. సగభాగం 2022లో కొత్తగా తెరిచారు, విమానాలు, వంతెనలు, రోబోలు అందులో ఉన్నాయి. ఇంకో సగం 2028 దాకా మరమ్మతుల్లోనే. నాన్నకి ఒక సగం చాలు, అదే ఆయన ఓపికకి మించిన పని.

రెండో రోజు పూర్తిగా ఖాళీ. అది నాన్న ప్రశ్నకి జవాబు. ఆయన కాలు చాపుకుని కిటికీ దగ్గర కూర్చున్నా సరే, పార్కులో బెంచీ మీద కూర్చున్నా సరే. ఆ పొద్దున నేనొక్కణ్ణే దాఖావు వెళ్ళొస్తాను. 1933లో నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరం, ఇప్పుడు స్మారక స్థలం, ప్రవేశం ఉచితం. పదేళ్ళ పిల్లని తీసుకెళ్ళే చోటు కాదు. అంత దగ్గరికి వెళ్ళి చూడకుండా రావడం మాత్రం నా వల్ల కాదు.

సాల్జ్‌బర్గ్‌ని పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసే ఊరని చాలామంది అంటారు. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్ళే బయెర్న్ టికెట్ అక్కడిదాకా చెల్లుతుంది కూడా, కాకపోతే పనిదినాల్లో తొమ్మిదింటి తర్వాతే, మామూలు రైళ్ళలోనే. మేం వెళ్ళడానికి అదే వాడుకుంటాం, కానీ రెండు రాత్రులు ఉంటాం. టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక సాల్జాఖ్ నది ఒడ్డున ఆ సాయంత్రం మా ఆవిడది. కోటకి 1892 నుంచి కేబుల్ రైలు ఉంది కాబట్టి మోకాళ్ళకి భయం లేదు. 2025 మే నుంచి అక్కడ హోటల్లో దిగినవాళ్ళకి లోకల్ బస్సులూ రైళ్ళూ ఉచితం.

తిండి సంగతి. మ్యూనిక్‌లో వంటగది ఉన్న ఫ్లాటే చూశాను. "అయితే అక్కడా నేనే వండాలా?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. రైస్ కుక్కర్ బాధ్యత నాది. అమ్మ బంగినపల్లి పళ్ళు, నెయ్యి డబ్బా సర్దుతానంది. పాలతో చేసినవేవీ మనం యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, నెయ్యితో సహా. పళ్ళలో అరటి, కొబ్బరి, పైనాపిల్, ఖర్జూరం, డూరియన్ తప్ప మిగతావాటికి మొక్కల ఆరోగ్య ధృవపత్రం కావాలి. కరివేపాకు కుదరదు. ఆవకాయ మాత్రం వస్తుంది. ఆదివారం అక్కడ దుకాణాలు మూసేస్తారు కాబట్టి బియ్యం, పెరుగు శనివారమే కొనుక్కోవాలి.

నోయిష్వాన్‌స్టైన్ కోట వదిలేశాం. ఇన్స్‌బ్రుక్ వదిలేశాం. స్విట్జర్లాండ్ సంగతి చెప్పక్కర్లేదు. వదిలేసినవాటి లిస్టే పెద్దది, అయినా దాని గురించి ఇంట్లో ఎవరికీ దిగుల్లేదు. ఎందుకంటే ఎవరి ఒక్కటి వాళ్ళకి దక్కింది. చిన్న ప్రయాణానికి ప్లాను వేసేటప్పుడు అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి వెయ్యాలని నాకనిపిస్తుంది. వేగంగా నడిచేవాళ్ళు ఎలాగూ సర్దుకుంటారు.

వీసా అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం. వారం రోజుల్నుంచి నాన్న పొద్దున్నే కాలనీలో రెండు రౌండ్లు తిరిగొస్తున్నారు. ఎందుకని అడిగితే "ఊరికే, ఎండ రాకముందు" అంటున్నారు.