మన ఊరి మీద డ్రోను: నా మాట కొంచెం పొడవే

ఈసారి జాతరకి డ్రోను పెట్టించాలా వద్దా అని మనలో మనకి నడుస్తున్న వాదన మీకందరికీ తెలిసిందే. పెట్టించాలనే నేనూ అంటాను. కాకపోతే జాతర జనం మీద కాదు, సోలార్ పలకల మీదా కాదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది. ఓపిక చేసుకుని చదవండి.

రాయచెర్లు పేరు బయటివాళ్లకు తెలిసిందే పై నుంచి తీసిన ఫొటోల వల్ల. తిరుమణి, వళ్ళూరు, క్యాతగానచెర్లు, బాలసముద్రం, మన ఊరు, ఈ అయిదు ఊళ్ల భూమి కలిపి దాదాపు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు. 2018 మార్చి 1న మొదలైంది. ఇప్పుడు 2,050 మెగావాట్లు. భూమి అమ్మలేదు, లీజుకిచ్చాం. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల గడువు. ఈ లెక్కలు మనవాళ్లకు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆకాశం నుంచి చూస్తే అదంతా నల్లటి చెరువులాగ ఉంటుంది. బాగానే ఉంటుంది, కాదనను. అందులో మనిషి మాత్రం ఒక్కడూ కనపడడు.

అలాంటి వీడియో ఒకటి మా అమ్మకు ఫోనులో చూపించాను. రెండుసార్లు చూసింది. "బాగుంది గానీ, ఇందులో మన చేను యాడుందిరా?" అంది. దిశాంక్ యాప్ తెరిచి సర్వే నంబరు పెట్టి, ఇదిగో ఈ గీతల మధ్య అని చూపించాను. ఆమెకు అది చాలలేదు. ఆమె చేనుకి గుర్తులు వేరే: వంక మలుపు, చింతచెట్టు, మా పెద్దనాయన భాగానికీ మా భాగానికీ మధ్యలో గెనిమ. పహణిలో మా అన్నదమ్ముల పిల్లలందరి పేర్లూ కలిసి ఉన్నాయి. ఎవరిది ఏ పక్క అనేది తాతల నాటి నోటి మాట. ఆ మాటకి సాక్ష్యం ఆ గెనిమే. పలకలు పరిచేటప్పుడు నేల చదును చేశారు, గెనిమ పోయింది. దీంట్లో ఎవరి తప్పూ లేదు, పని అలాంటిది. కానీ లీజు ముగిసేనాటికి ఆ గెనిమ ఎక్కడుండేదో కళ్లతో చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరుంటారు? మీ ఇంట్లో?

డ్రోను పనికొచ్చేది ఇక్కడే అంటున్నాను. పార్కులోకి పోని చేలు ఇంకా ఉన్నాయి. వాటి గట్లు, బండి బాటలు, పూడిపోయిన బావులు, చెరువు కట్ట, వంకలు ఇంకా కంటికి కనిపిస్తున్నాయి. పార్కును పెంచే మాట ప్రభుత్వం నుంచి ఇదివరకే వచ్చింది. అది మన వైపు వస్తుందా రాదా అన్నది తర్వాతి సంగతి. ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఇప్పుడే తీసి పెట్టుకోవచ్చు కదా.

తీసే పద్ధతి పెళ్లి వీడియో లాగ ఉండదు. కెమెరాను నిట్టనిలువుగా కిందికి పెట్టి, డ్రోనును దుక్కి సాళ్ల లాగ వరసగా పోనిస్తూ వందల ఫొటోలు తీస్తారు. ఒక ఫొటోలో ఉన్న నేలలో ముప్పాతిక వంతు తర్వాతి ఫొటోలోనూ ఉండాలి. అన్నిటినీ కంప్యూటర్‌లో అతికిస్తే ఊరంతా ఒకే పెద్ద పటం అవుతుంది, గట్టు మీది చెట్టు కూడా తెలుస్తుంది. దాన్ని పెద్ద కాగితం మీద ముద్రించి రచ్చకట్ట దగ్గర పరిచి, పెద్దవాళ్లను చుట్టూ కూర్చోబెట్టి "ఇది ఎవరి బావి, ఈ బాట ఎక్కడికి పోయేది" అని అడిగి రాసుకోవాలి. అసలు పని అదే. డ్రోను పని రెండు పొద్దులు, ఈ పని రెండు నెలలు.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. ఇది సర్వే కాదు. మామూలు డ్రోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. గట్టు తగాదాలో దీన్ని పట్టుకుని తాలూకాఫీసుకి పోతే లాభం లేదు. ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలోనూ డ్రోన్లతోనే కొలుస్తారు. అయితే అది సర్వే ఆఫ్ ఇండియా పద్ధతిలో, నేల మీది గుర్తులతో సరిచూసి చేసేది. పైగా అది ఇళ్లున్న ఊరి భాగానికే, చేలకు కాదు. మన పటం జ్ఞాపకానికి, అంతే. ఆ జ్ఞాపకం కూడా లేకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

ఇక జాతర మీద ఎందుకు వద్దంటున్నానో. 2015 డిసెంబరులో ఇటలీలో మంచు మీద స్కీయింగ్ పోటీ నడుస్తుంటే, టీవీ కోసం తీస్తున్న డ్రోను మార్సెల్ హిర్షర్ అనే ఆటగాడి వెనకాలే దబ్బున పడింది. ఒక్క క్షణం ముందు పడుంటే అతని నెత్తినే. అక్కడ అంత పెద్ద సంస్థలుండీ అలా అయింది. 60 మీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువు జారినా, గాలి అడ్డు లేదనుకుంటే నేలను తాకేటప్పటికి వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. గాలి కొంత తగ్గిస్తుంది, నిజమే. కిలో బరువు వస్తువు కింద మీ బిడ్డ ఉంటే ఆ కొంత లెక్క మీకు ఓదార్పు ఇస్తుందా? హిందూపురం పక్క ఒక పెళ్లిలో నేనే చూశాను. డ్రోను షామియానా తాడుకు తగులుకుని వంట పాత్రల దగ్గర పడింది. అక్కడ అప్పుడు ఎవరూ లేరు, అదృష్టం. రెక్కలు ఇంకా తిరుగుతుంటే దాన్ని పట్టుకోబోయిన పిల్లాణ్ణి వాళ్ల మామ జుట్టు పట్టి లాగాడు. రథం చుట్టూ వేల మంది ఉన్నప్పుడు అదృష్టాన్ని నమ్ముకోకూడదు. అంతగా కావాలంటే జనానికి దూరంగా, పక్కనున్న ఖాళీ చేను మీద నిలిపి ఏటవాలుగా తీయమనండి. చూసేందుకు అదే బాగుంటుంది కూడా.

గుడి సంగతి వేరే. 2023 జనవరిలో తిరుమల ఆలయం పై నుంచి తీసిన డ్రోను వీడియో బయటికొచ్చి ఎంత గొడవైందో, టీటీడీ కేసు దాకా ఎలా పోయిందో చూశాం. మన ఊరి గుడి అంత పెద్దది కాకపోవచ్చు, పెద్దలనూ పూజారినీ అడగడం మాత్రం అక్కడంత అవసరమే.

పార్కు మీద ఎందుకు వద్దో కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి, అది మన భూమే అయినా పైనున్న ఆస్తి మనది కాదు. అనుమతి కాగితం లేకుండా ఆ పక్కకి పోతే సెక్యూరిటీ వాళ్లు, ఆ తర్వాత పోలీసులు వస్తారు. అనుమతి ఉన్న కంపెనీలు అక్కడ వేడిని చూపే కెమెరాలతో చెడిపోయిన పలకలను పట్టుకుంటాయి, అది వాళ్ల పని. రెండోది తీగలు. 220 కేవీ, 400 కేవీ లైన్లు ఫోను తెరలో వెంట్రుకంత కూడా కనపడవు. సిగ్నల్ పోతే డ్రోను తనంతట తాను పెట్టిన ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి నేరుగా వచ్చేస్తుంది. ఆ ఎత్తు టవర్ కంటే తక్కువ పెట్టి ఉంటే మధ్యలో తీగకు కొట్టుకుంటుంది. కాబట్టి ఎగరేయకముందే చుట్టూ నడిచి, అన్నిటికంటే ఎత్తయినది ఏదో చూసి, ఆ పైన పెట్టుకోవాలి. తీగల కింద నుంచి అసలు లేపకూడదు. ఇనుము ఎక్కువున్న చోట దిక్సూచి తప్పుతుంది. అద్దంలాగ మెరిసే నేల మీద, నీళ్ల మీద, అడుగు భాగంలో ఉండే కెమెరా సెన్సర్లు ఎత్తును సరిగా పట్టుకోలేవు.

మన ఎండా గాలీ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. చాలా చిన్న డ్రోన్లకు తయారుచేసినవాళ్లు రాసిన హద్దే 40 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం మన పావగడలో అది ఎంతసేపు? ఆషాఢం గాలికి పావు కిలో డ్రోను ఎండుటాకే. సంక్రాంతి అయ్యాక, శెనక్కాయ, కంది చేలు ఖాళీ అయ్యాక, పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య తీస్తే గాలి ఉండదు. ఎండ ఏటవాలుగా పడి గట్ల నీడలు పటంలో గీత గీసినట్టు కనిపిస్తాయి.

నాకు అన్నిటికంటే భయమున్నది ఇంకో విషయం. మన ఊళ్లో డ్రోను ఆట వస్తువు కాదు. అది పైకి లేచిందంటే "మళ్లీ భూమి కొలుస్తున్నారు" అనే మాట గంటలో ఊరంతా తిరుగుతుంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఇంకా, చాలా ఇళ్ల వెనక స్నానాల దడికి పైకప్పు లేదు. మిద్దెల మీద ఆడవాళ్లు పడుకుంటారు, బట్టలారేస్తారు. మన బెంగళూరు అపార్ట్‌మెంట్ కిటికీ ముందుకు డ్రోను వస్తే మనం ఊరుకుంటామా? అందుకే వారం ముందు చాటింపు వేయించాలి: ఏ రోజు, ఏ గంట, ఏ పక్క, ఎవరు, ఎందుకు అని. ఇళ్ల మీదుగా పోకూడదు. ఎవరైనా మా చేను మీద వద్దంటే దాన్ని వదిలేయాలి, బతిమాలకూడదు. తీసిన ఫొటోలు సంఘం దగ్గర, పంచాయతి దగ్గర ఒక్కో ప్రతి ఉండాలి. ఎవరూ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదు.

చట్టం గురించి క్లుప్తంగా. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో. డబ్బు తీసుకుని మైక్రో డ్రోను ఎగరేసేవాడికి పైలట్ సర్టిఫికెట్, డ్రోనుకు రిజిస్ట్రేషన్ నంబరు, బీమా ఉండాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు విడిగా అనుమతి అక్కర్లేదు, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా లేపకూడదు. జోన్లు మారుతుంటాయి కాబట్టి ఎగరేసే రోజే మ్యాప్ చూడాలి. నియమం తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా. "అవన్నీ ఎవరు చూస్తారన్నా" అనే ఆపరేటర్‌ను, ఎంత తక్కువకి వచ్చినా, మనం పిలవద్దు.

వచ్చే మీటింగులో దీన్ని పెట్టమని కార్యదర్శిని అడిగాను. వచ్చేటప్పుడు మీ ఇంటి సర్వే నంబర్లు, ఇంకా మీ చేను గట్లు గుర్తున్న పెద్దవాళ్లు ఎవరున్నారో రాసుకుని రండి. మా అమ్మ పేరు మొదట నేనే రాశాను. మా అత్తమ్మలకు కూడా గుర్తుంటుందంట, వాళ్లను ఊరికి తీసుకెళ్లడానికి కారు కావాలి. ఎవరైనా సర్దగలిగితే చెప్పండి.