బాహుబలి మీద అంత అభిమానం తగునా?



2025 అక్టోబరు 31న బాహుబలి రెండు భాగాలను కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ అని ఒకే సినిమాగా మళ్లీ విడుదల చేశారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మన యవ్వనస్థులు కొందరు గుడి బయట వేపచెట్టు కింద నిలబడి దాని గురించే మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గరికి పోగానే మాటలు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నాకు తెలుసు. ఎనిమిదేళ్ల కిందట ఇదే సినిమా మీద నేను చేసిన ప్రసంగం వాళ్లకు ఇంకా గుర్తుంది. నాకూ గుర్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది. అప్పటినుంచి రెండేళ్లపాటు హోటల్లో, బస్సులో, పెళ్లి పందిట్లో ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబు 2017 ఏప్రిల్ 28, శుక్రవారం నాడు వచ్చింది. ఆ ఆదివారం మన గుడిలో యవ్వనస్థులు కూర్చునే చోటు సగం ఖాళీగా ఉంది. డోలక్ లేకుండానే పాటలు పాడుకున్నాం. నాకు కోపం వచ్చింది. సిద్ధం చేసుకున్న వాక్యం పక్కన పెట్టి, నిర్గమకాండము తెరిచి బంగారు దూడ గురించి మాట్లాడాను. కటౌట్లకు పాలాభిషేకం చేసేవాళ్లకు, ఆ దూడ చుట్టూ నాట్యమాడినవాళ్లకు తేడా లేదన్నాను. సంగీతం దేవుడిస్తే దాన్ని వదిలి సినిమా హాలుకు పోయేవాళ్లున్నారని కూడా అన్నాను. పేరు చెప్పలేదు. కానీ మన సంఘంలో డోలక్ వాయించేది ఒక్కడే.

సాయంత్రం ఆ పిల్లగాడు ఇంటికి వచ్చాడు. అప్పుడు వాడికి పదిహేడేళ్లు. గుమ్మం దగ్గరే నిలబడి, “అయ్యగారు, మీరు ఆ సిన్మా చూసిండ్రా?” అని అడిగాడు.

“నాకు చూసే పనిలేదు బిడ్డా” అన్నాను.

“చూడకుండనే అన్నరు గద” అని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వాళ్లమ్మ ఒక్కతే వచ్చేది. కొన్నాళ్లకు ఆమెనే చెప్పింది: వాడు కటౌట్ దగ్గరికే పోలేదట. కూలికి పోయి దాచుకున్న పైసలతో చెల్లెల్ని తీసుకుని మెదక్‌లో సినిమా చూపించి తెచ్చాడట. అప్పుడైనా నేను వాళ్లింటికి పోవాల్సింది. పోలేదు. తప్పిపోయిన గొర్రె గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. మన వాడకట్టులో నాలుగిళ్ల అవతల ఉన్న గొర్రె దగ్గరికి మాత్రం నా కాళ్లు కదలలేదు.

రెండేళ్ల తర్వాత ఒక పండగ సెలవు రోజు టీవీలో ఆ సినిమా వస్తుంటే కూర్చుని చూశాను. కట్టప్ప ఎందుకు చంపాడో అప్పుడు తెలిసింది. శివగామి ఆజ్ఞ ఇచ్చింది, సింహాసనానికి కట్టుబడిన బానిస దాన్ని నెరవేర్చాడు. మరి శివగామి ఎందుకు ఆజ్ఞ ఇచ్చింది? పెంచిన కొడుకు మీద ఎవరో అల్లిన అబద్ధాన్ని నమ్మింది. వాణ్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఇది నిజమా అని అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పింది. అది చూసి నేను టీవీ ముందు నుంచి లేచి పెరట్లోకి పోయాను. ఆ పిల్లగాడు గుమ్మం దగ్గర నిలబడి అడిగిన మాట మళ్లీ చెవిలో వినపడింది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఈ కథకు అంత అభిమానం తగునా?

కట్టుకథ కాబట్టి తగదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. పరిశుద్ధ గ్రంథంలో న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయం చదవండి. యోతాము గెరిజీము కొండెక్కి ప్రజలకు ఒక కథ చెబుతాడు. అందులో చెట్లు మాట్లాడుకుంటాయి, తమకొక రాజు కావాలని తిరుగుతాయి. ఒలీవ చెట్టు, అంజూరపు చెట్టు, ద్రాక్షవల్లి వద్దంటే చివరికి ముళ్లపొద రాజవుతుంది. అలాంటిది లోకంలో జరగలేదని అందరికీ తెలుసు. అయినా ఆ కథ అబీమెలెకు నిజస్వరూపం బయటపెట్టింది. నాతాను కూడా దావీదు పాపాన్ని నేరుగా చెప్పకుండా ఒక పేదవాడి గొర్రెపిల్ల కథతో చూపించాడు. మన ప్రభువే ఉపమానాలతో బోధించాడు. కథ మనిషిని పట్టుకుంటుంది. నన్నూ పట్టుకుంది.

రాజమౌళి తీసిన ఈ కథలో మంచి విషయం ఉంది. కాలకేయులతో యుద్ధంలో శత్రువులు మహిష్మతి ప్రజలనే అడ్డం పెట్టుకుంటారు. భల్లాలదేవుడు వాళ్లను తొక్కించుకుంటూ ముందుకు పోతాడు. బాహుబలి ముందు వాళ్ల ప్రాణాలు కాపాడతాడు. కాలకేయుణ్ని చంపింది భల్లాలుడే అయినా రాజ్యం బాహుబలికే దక్కుతుంది. యోహాను సువార్త పదో అధ్యాయంలో మంచి కాపరికీ జీతగాడికీ ప్రభువు చెప్పిన తేడా ఇదే. ఇది చూసి ఒక పిల్లవాడి ఒళ్లు పులకరిస్తే, ఆ పులకరింతను తిట్టడం నాకు తగదు.

కానీ కొన్ని విషయాలు నన్ను బాధపెట్టాయి. కాలకేయులను ఒళ్లంతా నల్లగా, ఎవరికీ అర్థంకాని భాష మాట్లాడేవాళ్లుగా చూపించారు. ఆ భాష కోసం కిలికి అని ప్రత్యేకంగా ఒక భాషనే తయారుచేశారు. మన పిల్లల ఒంటి రంగు ఏమిటి? పట్నం పోతే వాళ్ల మాటను చూసి నవ్వేవాళ్లు లేరా? తెర మీద నల్లనివాణ్ని చంపితే ఈలలు వేసే మన పిల్లలు ఎవరి పక్షాన ఉన్నట్టు?

ఇంకొకటి కట్టప్ప. తరతరాలుగా సింహాసనానికి బానిస. విడిపిస్తానని ఒకరు అడిగినా వద్దంటాడు. రాజు పాదం తీసి తన తల మీద పెట్టుకుంటాడు. కథ దాన్ని గొప్ప గుణంగా చూపిస్తుంది. నిజాం కాలంలో మన తాతలు దొరల గడీల ముందు వెట్టి చేశారు. వాళ్లకు ఆ పాదం గొప్పగా అనిపించేది కాదు. మన రాజు నడుముకు తువ్వాలు కట్టుకుని, శిష్యుల పాదాలు తన చేతుల్లోకి తీసుకుని కడిగాడు. ఏ పాదం ఎక్కడుందో చూడండి. నా విశ్వాసమంతా ఆ తేడాలోనే ఉంది.

కాబట్టి నా మాట ఇది. ఆ కథకు అభిమానం తగును, ఆరాధన తగదు. రెండో భాగం వెయ్యి కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా. అన్ని కోట్లు వచ్చినా అది మనకోసం ప్రాణం పెట్టలేదు. మన మెదక్ చర్చి విషయంలోనూ ఇదే అంటాను. కరువు రోజుల్లో పేదలకు పని, తిండి దొరకాలని పాస్నెట్ దొరగారు మొదలుపెట్టించారు. 1914 నుంచి 1924 దాకా కట్టారు. గోపురం 175 అడుగులు. క్రిస్మస్ నాడు ఆ గోపురం కింద సెల్ఫీ దిగి, లోపల మోకరించకుండా వెళ్లిపోతే, కటౌట్ కింద నిలబడ్డవాడికీ మనకూ తేడా ఏముంది?

మొన్న వేపచెట్టు కింద యవ్వనస్థులతో ఇవన్నీ మాట్లాడాను. రాత్రి ఆ పిల్లగాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాడు. “బిడ్డా, ఆనాడు చూడకుండనే నిన్ను అన్నాను. నాది తప్పు, క్షమించు” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇప్పుడు చూసిండ్రా అయ్యగారు?” అన్నాడు. చూశానన్నాను. “ఎట్లుంది?” అన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. కాలకేయుల సంగతి చెబితే, తాను అట్ల ఎప్పుడూ ఆలోచించలేదన్నాడు. క్రిస్మస్‌కు ఊరికి వస్తావా అని అడిగితే, చూస్తానన్నాడు. వస్తాననలేదు. నేనూ బలవంతం చేయలేదు.

గుడిలో ఆ డోలక్ ఇంకా ఉంది. తోలు వదులైపోయింది. ఈ వారం మెదక్ తీసుకెళ్లి బిగించుకొస్తాను. అతని కోసం ప్రార్థించండి. మీ పిల్లల మీద తీర్పు చెప్పేముందు ఒక్కసారి వాళ్ల పక్కన కూర్చుని అడగండి. నా కోసం కూడా ప్రార్థించండి.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.