'బాగుంది సార్' అంటే సాక్ష్యం కాదు

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. అందులో ఇరవై ఏళ్ళు హేతువాద సంఘం సభ్యుణ్ణి కూడా. నాలుక మీద కర్పూరం వెలిగించడం, చేతిలోంచి విభూతి రాల్చడం, పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోసి "మంత్రంతో" మంట పుట్టించడం - ఇవన్నీ ఊరూరా చేసి చూపించాను. కాబట్టి పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించడం నాకు వచ్చనుకున్నాను. రాదని రిటైరయ్యాక తెలిసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1987 నాటి చట్టంతో పోలిస్తే ఇందులో పేషెంటు హక్కులకు చాలా చోటుంది. తన వైద్య రికార్డులు చూసుకునే హక్కు, తన జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు, సేవల్లో లోపముంటే ఫిర్యాదు చేసే హక్కు (సెక్షన్ 28) అందులో ఉన్నాయి. మా పట్నంలో ఒక ట్రస్టు నడిపే చిన్న మానసిక వైద్యశాల వాళ్ళు నన్ను పిలిచి, "ఫిర్యాదుల దాకా రాకముందే వాళ్ళ మాట వినాలనుకుంటున్నాం. రెండు నెలలకోసారి ఫీడ్‌బ్యాక్ మీటింగు మీరు నడపండి, మీటింగులు మీకు అలవాటే కదా" అన్నారు. సరేనన్నాను.

మొదటి మీటింగుకి పద్నాలుగు మంది వచ్చారు. బల్ల వెనక డాక్టరు గారు, పక్కన నర్సు, ఆ పక్కన నేను. ఎదురుగా వరసగా కుర్చీల్లో వాళ్ళు, వాళ్ళ వెనక నిలబడ్డ బంధువులు. "ఇక్కడ వైద్యం ఎలా ఉంది?" అని అడిగాను. "బాగుంది సార్" అన్నారు. పద్నాలుగు మందీ అదే మాట. ఒకాయన డాక్టరు గారికి చేతులెత్తి దణ్ణం కూడా పెట్టాడు. "అందరూ సంతృప్తిగా ఉన్నారు" అని రిపోర్టు రాసిచ్చి ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక బాబా తన ఆశ్రమంలో భక్తుల్ని వరసగా కూర్చోబెట్టి, తను ఎదురుగా ఉండి, "మీ జబ్బు నయమైందా?" అని అడిగిస్తే ఏం చెబుతారు? "నయమైంది స్వామీ" అంటారు. అలాంటి సాక్ష్యాన్ని మనం ఎన్ని వేదికల మీద ఎగతాళి చేశాం! నేను చేసిందీ అదే. రేపు మందు ఎవరి చేతి మీదుగా రావాలో, పింఛను కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో, ఆ మనిషి ముందే మొహమాటం లేకుండా చెప్పమన్నాను. పరీక్ష తప్పుగా పెట్టి, ఫలితం బాగా వచ్చిందని సంబరపడ్డాను.

రెండోసారి పద్ధతి మార్చాను. డాక్టరు గారు, సిబ్బంది గదిలో ఉండరు. బంధువులకి వేరే రోజు. కుర్చీలు గుండ్రంగా. పేర్లు రాయను, జబ్బు పేరు ఎవర్నీ అడగను. ఇక్కడ చెప్పిన మాట వల్ల మందు ఆగదని, ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్ళొచ్చని మొదటే చెప్పాను. బస్సు చార్జీలు చివర్లో కాకుండా రాగానే ఇచ్చేశాం. చివర్లో ఇస్తే అది పొగిడినందుకు కూలీలా ఉంటుంది.

ప్రశ్న కూడా మార్చాను. "ఎలా ఉంది?" అంటే మర్యాద జవాబే వస్తుంది. "పోయినసారి మీరు ఇక్కడికొచ్చినప్పుడు ఇంటి దగ్గర బయలుదేరింది మొదలు ఏం జరిగిందో చెప్పండి" అంటే సంగతులొస్తాయి. నోటితో చెప్పలేని విషయాలకి రెండు మట్టి ముంతలు తెర వెనక పెట్టి, మనిషికో చింతపిక్క ఇచ్చాను. అవునంటే ఎడమ ముంతలో, కాదంటే కుడి ముంతలో వెయ్యాలి. చదువు రానివాళ్ళు కూడా ఓటు వెయ్యొచ్చు. "మాత్రలు చెప్పినట్టే వేసుకుంటున్నారా?" అని నోటితో అడిగితే అందరూ తలూపారు. ముంతలు బోర్లిస్తే సగానికి పైగా పిక్కలు కుడి ముంతలోంచి పడ్డాయి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టిఫిన్ బండి నడుపుకునే ఒకావిడ గొంతు విప్పింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆమె పొయ్యి వెలిగించాలి. రాత్రి పదింటికి మాత్ర వేసుకుంటే ఏడైనా లేవలేదు. అందుకని బండి పెట్టని రోజు మాత్రమే వేసుకుంటోంది. డాక్టరు గారికి చెప్పలేదా అని అడిగాను. "ఎనకాల మా బావగారు నుంచుంటారు, ఆయనెనకాల క్యూ ఉంటది. ఏం చెప్పను సార్?" అంది. ఆవిడ కాగితం మీద మాత్రం "మందులు సరిగా వాడదు" అని రాసుంది. నేనైతే మూఢనమ్మకం వల్ల మానేసి ఉంటుందని మనసులో ఎప్పుడో తేల్చేశాను.

ఆవిడ ఒప్పుకున్నాక ఆ సంగతి డాక్టరు గారికి చెప్పాను. ఆయన మందు వేసుకునే వేళ సాయంత్రానికి మార్చి, మోతాదు మళ్ళీ చూశారు. అద్భుతమేమీ జరగలేదు. ఇంకా కొంచెం మత్తుగా ఉంటుందట. కానీ మందు మానడం లేదు, బండీ మానడం లేదు.

ఇక్కడిదాకా చదివి నన్ను మెచ్చుకోకండి. మూడో మీటింగులో నేను చేసిన పని చెబుతాను. ఒక ఆటో డ్రైవరు, "నేను గురువారం గురువారం దర్గాకి పోతా సార్, అక్కడ మనసు నిమ్మళంగా ఉంటది" అన్నాడు. ఇక నేను ఆగలేకపోయాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రయాల్లో ఒకదానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు చనిపోయిన సంగతి పది నిమిషాలు చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. అతను "సరే సార్" అని తల దించుకున్నాడు. ఆ తర్వాత మీటింగుకి రాలేదు.

అతని పక్కన కూర్చునే కుర్రాడొకడు బయట నన్ను ఆపి అన్నాడు. "సార్, అన్న మందులు మానేశానని చెప్పలేదు. అక్కడికి ఎందుకు పోతాడో చెప్పబోతుంటే మీరు ఆపేశారు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దయ్యం పట్టిందని తెచ్చినవాళ్ళ కేసుల మీద అబ్రహాం కోవూర్ రాసినవి నేను ఎన్నోసార్లు చదివాను. వాటిలో నేను గుర్తుపెట్టుకుంది చివర్లో ఆయన తేల్చిన జవాబు. దానికి ముందు ఆ మనిషి ఇల్లూ వాకిలీ, కష్టమూ సుఖమూ ఆయన ఎంత అడిగి తెలుసుకున్నారో వదిలేశాను.

ఆటో డ్రైవరు అడ్రసు నేను అడగకూడదు, ఆసుపత్రి ఇవ్వకూడదు. అందుకని సిస్టర్ గారి ద్వారా, తప్పు నాదేనని, మళ్ళీ రమ్మని కబురు పంపాను. అయిదో మీటింగుకి వచ్చాడు. ఈసారి నేను, "దర్గాలో మీకు ఏం బాగుంటుంది?" అని మాత్రం అడిగాను. అతను కాసేపు ఆలోచించి, "అక్కడ కూర్చోనిస్తారు సార్. ఇక్కడ మూడు గంటలు నిలబెడతారు. కౌంటర్లో పేరు కూడా పిలవరు, పిచ్చి గోళీల వాళ్ళు ఇటు రండి అంటారు" అన్నాడు.

మూడో మీటింగులోనే నేను నోరు మూసుకుని ఉంటే ఆ మాట అప్పుడే వినేవాణ్ణి. ఇప్పుడు అక్కడ నాలుగు బెంచీలున్నాయి. కౌంటర్లో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

దర్గా విషయంలో నా అభిప్రాయం మారలేదు. మహిమల వల్ల జబ్బు తగ్గుతుందని నేను ఒప్పుకోను. రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడం ఇప్పుడు చట్టవిరుద్ధం (సెక్షన్ 95). అది ఎక్కడ జరిగినా అడ్డుకోవాల్సిందే. కానీ ఒక మనిషి అక్కడికి వెళ్ళడానికి కారణం నమ్మకమే అని అడక్కుండా తేల్చేస్తే, అది కూడా ఆధారం లేని నమ్మకమే. ఈసారి అది నాది.

మన మిత్రుల్లో కొందరికి ఒక సందేహం రావచ్చు. వ్యక్తుల అనుభవాలు శాస్త్రీయ సాక్ష్యం కాదని మనమే చెబుతాం కదా, మరి ఈ మీటింగులెందుకు? మంచి ప్రశ్నే. ఒక మందు పనిచేస్తుందో లేదో మా చింతపిక్కలు చెప్పలేవు. దానికి సరిగా జరిగిన క్లినికల్ పరీక్షలే కావాలి. కానీ పనిచేసే మందు మనిషి కడుపులోకి ఎందుకు పోవడం లేదన్నది వేరే ప్రశ్న. ఒలాంజపిన్ వాడితే ఒళ్ళు పెరగొచ్చని పుస్తకంలో ఉంది. అలా పెరిగినందుకు ఇంట్లో ఎగతాళి చేస్తే ఒకమ్మాయి మాత్రలు పారేసిందని పుస్తకంలో ఉండదు. లిథియం వాడేవాళ్ళు ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలని డాక్టరుకి తెలుసు. ఆ పరీక్ష కోసం ఒక రోజు కూలీ పోతుందన్న సంగతి వచ్చినవాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. వచ్చినవాళ్ళ మాటే వింటాం. వైద్యశాల మీద విసిగి మానేసినవాళ్ళు, ఇంట్లోంచి బయటికి పంపని ఆడవాళ్ళు మా గుండ్రటి కుర్చీల్లో లేరు. అందుకే రిపోర్టులో ఇప్పుడు "అందరూ" అన్న మాట వాడను, "వచ్చినవాళ్ళు" అని రాస్తాను. ప్రతి మీటింగూ పాత లెక్కతో మొదలుపెడతాను. పోయినసారి మీరేమన్నారు, అందులో ఏం జరిగింది, ఏం జరగలేదు, ఎందుకు జరగలేదు. పదిహేను రోజులకి కాకుండా నెలకి సరిపడా మందులివ్వమని మొదటి ఏడాది నుంచి అడుగుతున్నారు. అది ఇంకా జరగలేదు. ప్రతిసారీ ఆ మాట నేనే చదివి వినిపిస్తాను, వాళ్ళు నా మొహంలోకి చూస్తారు. ఆ నిమిషం ఇబ్బందిగానే ఉంటుంది. దాన్ని దాటేస్తే మళ్ళీ "బాగుంది సార్" దగ్గరికే వస్తాం.

మన సంఘాల్లో ఉపన్యాసాలు చెప్పగలవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఊళ్ళో ఇలాంటి వైద్యశాల ఉంటే వెళ్ళి అడగండి, ఒక మీటింగు నడపండి. చింతపిక్కలు తీసుకెళ్ళండి. ఉపన్యాసం మాత్రం ఇంటి దగ్గర పెట్టి వెళ్ళండి.